గేటు దాటని ఇనుము

కంచం మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. నిన్న పొద్దుటి నుంచి ఇది మూడో కంచం.

కాంతం వంటింటి గుమ్మంలో నిలబడి ఆ కంచాన్ని ఓసారి, కూతుర్ని ఓసారి చూసింది. చూసి, కంచాన్ని మాత్రం క్షమించినట్టుంది, తీసి లోపల పెట్టింది.

“మీ నాన్న యార్డుకి ఎలిపోనాడు. కాపీ కూడా తాగనేదు.”

షాలిని జడ అల్లుకోవడం ఆపలేదు. ఇంకెంత అల్లినా అల్లడానికి జుట్టు మిగల్లేదు, అయినా వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

“ఇంటన్నావేటే, అమ్మీ?”

“ఇంటన్నానమ్మా.”

“ఇంటే సరిపోద్దేటి? ఆయన సంతకం పెట్టిన ఉత్తరం తప్పని కన్న కూతురే అంటే ఆ మనిషికి ముద్ద ఎలా దిగుతాది సెప్పు?”

ఆ ఉత్తరంలో ఉన్నవి గట్టిగా నాలుగు వాక్యాలు. విజయనగరంలో కొత్తగా కడుతున్న పిల్లల ఆస్పత్రికి గ్రీన్ బిల్డింగ్ గుర్తింపు కావాలి. గోడల్లోనూ స్లాబుల్లోనూ కరెంటు తీగలు నడిచే ఇనప పైపులు డేవిడ్‌రాజు పంపినవే. ఆ పైపుల్లో పాత ఇనుమెంత, కొత్తదెంత అని గుర్తింపు చూసేవాళ్లు అడిగారు. నూటికి తొంభై పాళ్లు జనం వాడి పారేసిన పాత ఇనుమే అని రాసి, ఆమదాలవలస అని ఊరి పేరు వేసి, డేవిడ్‌రాజు సంతకం గీశాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ ఇంట్లో కంచాలు ఖాళీ అవుతూనే ఉండేవి. ఊరుకోలేదాయన. పోయిన ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు.

వాళ్ల బాప్టిస్టు సంఘంలో అదొక పద్ధతి. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు. చెప్పిన మాట సంఘానిదైపోతుంది, ఇక వెనక్కి తీసుకునేది ఉండదు. సైకిలు మీద ఊరూరా తిరిగి తుప్పు పట్టిన గునపాలు కొన్నవాణ్ణి, నేను కొన్న ఆ చెత్తే ఈ రోజు పిల్లల ఆస్పత్రి గోడల్లో వెలుగు మోస్తోంది అన్నాడాయన. ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. పాస్టరు గారు ఆనందం పట్టలేక మళ్లీ ఒకసారి మొదట్నుంచీ చెప్పించారు.

ఆ మర్నాడే షాలిని, యార్డులో ఏ రోజు ఏ ఇనుము కరిగించారో రాసిపెట్టే ఫర్నేసు పుస్తకం తిరగేసింది. రెండు రోజులు లెక్కలు చూసుకుని, నిన్న పొద్దున్న తండ్రి ముందు నిలబడి, “నాన్నా, తొంభై కాదు, అరవై దాటదు,” అంది.

అంతే. అప్పట్నుంచి డేవిడ్‌రాజు కూతురితో మాట్లాడలేదు. కూడూ ముట్టలేదు.

ప్రకాష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. షాలినికి అన్న. ఆర్డర్లు తెచ్చేవాడు అతనే, అందుకే ఇంట్లో ఎవరి మీదైనా కసురుకునే హక్కు తనకుందనుకుంటాడు.

“పదకొండింటికి ఆ అనూరాధ గారు ఒస్తాది. గుర్తింపు కాగితాలు సూసేది ఆవిడే. ఉత్తరం అసలుది కావాలంది, ఫర్నేసు పుస్తకం సూపించమంది. ఒసే షాలినీ, నువ్వు ఇంట్లో ఉండిపో. జొరమని సెప్తాను.”

“నాకు జొరం లేదు కదన్నయ్యా.”

“తెచ్చుకో.”

కాంతానికి నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ఇప్పుడు నవ్వకూడదని గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అది కాదే,” ప్రకాష్ కుర్చీ లాక్కుని చెల్లెలికి ఎదురుగా కూర్చున్నాడు. “పైపులు స్లాబులోకి ఎలిపోనాయి. పైన సిమెంటు కప్పుకుని పడుకున్నాయి. ఆటిని లేపి, నువ్వు పాతదానివా, కొత్తదానివా అని అడిగీవోడు ఎవుడే?”

“పైపుని అడగరు. మనల్ని అడిగినారు. అడిగినోళ్లకి ఉన్నది సెప్పాల కదా.”

“నాకు తెలక అడుగుతాను,” కాంతం మధ్యలోకి వచ్చింది. “ఇనుముకి పాతేటి, కొత్తేటి? కరిగిపోనాక అంతా ఒకటే కదా?”

షాలిని తల్లి వైపు తిరిగింది. తల్లికి చెప్పడం తేలిక. కాంతం బట్టలు కుడుతుంది.

“నువ్వు కొత్త గుడ్డ తెచ్చి రవిక కుట్టావనుకో. కుదరలేదు. విప్పేసి అదే గుడ్డతో మళ్లీ కుట్టావు. అది పాతబట్టతో కుట్టిన రవిక అంటావేటి?”

“ఎందుకంటాను? ఎవులూ తొడగనే నేదు కదా.”

“ఇదీ అంతేనమ్మా. జనం వాడి, తీసి పారేసి, మన గేట్లోంచి లోపలికి వచ్చిందే పాత ఇనుము. మనం కొన్న కొత్త ఇనుము మన దగ్గరే పాడైపోయి, మన ఫర్నేసులోనే కరిగితే అది లెక్కలోకి రాదు. వర్షాకాలంలో అలాంటిదేదో చాలా కరిగించి నాన్న పాతదని రాసేడు.”

రవిక మాట కాంతానికి తగిలింది. ఇప్పుడు ఎవరి పక్కన నిలబడాలో తెలియక చేతిలో ఉన్న గరిటెను తిప్పితిప్పి చూసింది.

“ఆ సంఘంలో మళ్లీ ఎలా లేస్తాడే ఆ మనిషి?” అంది చివరికి, ఎవరినీ కాదన్నట్టు.

షాలిని లేచి చెప్పులేసుకుంది.

ఇంటి వెనక చెరుకు గట్టు దాటితే యార్డు. నవంబరు మంచు నాగావళి మీంచి లేచి వచ్చి పొలాల్లోనే కూర్చుంది, ఎండ వచ్చినా లేచి వెళ్లేలా లేదు. స్టేషన్లో ఏదో రైలు ఆగి, కూతపెట్టి, కదిలింది. ఆ కూత కూడా మంచులో నానిపోయి మెత్తగా వినిపించింది.

యార్డు గోడ పక్కన పాత ఇనుము గుట్టలు. చూసేవాళ్లకు అది తుప్పు. షాలినికి కాదు.

ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తండ్రి ఆమెను కాటా పళ్లెంలో కూర్చోబెట్టేవాడు. సైకిలు రోజులు పోయి చిన్న కొట్టు పెట్టిన కాలం అది. గుట్టలోంచి ఒక్కో వస్తువూ తీసి చూపించేవాడు.

“ఇదేటి సెప్పు?”

“మంచం కోడు.”

“ఎవులు పడుకున్నారు దీని మీద?”

“భావనపాడు తాత.”

“ఏటి కలగన్నాడు?”

“సేపలు.”

“పెద్దియ్యా, సిన్నియ్యా?”

“పెద్దియ్యే.”

అప్పుడు గానీ ఆ కోడును లారీలోకి ఎక్కించేవాడు కాదు. మా అమ్మి కథ చెప్పందే ఈ కొట్లోంచి ఇనుము కదలదని పనివాళ్లతో నవ్వుతూ అనేవాడు. ట్రంకు పెట్టెలు, రేకు పెనాలు, బడి బెంచీ కాళ్లు, తిరగడం మానేసిన ఫ్యాను రెక్కలు, అన్నీ ఆ పిల్ల నోట్లోంచి ఒక్కో మనిషిని తెచ్చుకుని వెళ్లిపోయేవి.

ఇప్పుడు షాలినికి ఇరవై నాలుగు. పాలిటెక్నిక్ చదివింది. పైపు వంచి, కొట్టి, అతుకు పరీక్ష చేసి ఆస్పత్రికి వెళ్లిన ప్రతి లోడు కాగితం మీదా సంతకం పెట్టింది ఆమే. అయినా ఇనుము చూస్తే మనిషి కనిపించడం మానలేదు. ఆస్పత్రి అనుకోగానే ఆమెకు గోడల లోపల ఒక ఊరు కనిపించేది. జ్వరం తగ్గి పిల్లలు నిద్రపోతుంటే, గోడలో వాళ్ల తలల దగ్గరే భావనపాడు తాత మంచం కోడు కూడా కళ్లు మూసుకుని ఉంటుంది. పక్కనే ఎవరిదో పెళ్లి ట్రంకు పెట్టె. ఆ పక్కన పెనం, ఇంకా వెచ్చగా. ఆ మధ్యలో ఏ మనిషీ లేని ఇనుము కొంత ఉంది. దానికి కల లేదు. దాన్ని చూస్తేనే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

ఇంకో చోటు కూడా ఉంది ఆమెకు. మనసు బాగోలేనప్పుడు వెళ్లే చోటు.

పోయిన ఏడాది వానల్లో ఫర్నేసు లోపలి గోడ కూలి నెల్లాళ్లు మూతపడింది. పైపు మిషను ఆగకూడదని, పైపుగా వంచే కొత్త ఇనప పట్టీలు బయట కొన్నారు. చదువు ముగించి వచ్చిన ఉత్సాహంలో మిషను మీద షాలినే నిలబడింది. ఏం తప్పు చేసిందో ఏమో, లోడు లోడంతా అతుకు దగ్గర విచ్చుకుపోయింది. వంచితే చాలు, ఎండిన చిక్కుడుకాయలా నోరు తెరిచేది. మూడు రోజులు ఏడ్చింది. మనసు బాగుపడుతుందని తల్లి ఆమెను పిన్నమ్మ ఊరు పంపింది. తిరిగొచ్చేసరికి ఆ పైపుల గుట్ట లేదు. పాతపట్నం దగ్గర రైతు ఒకాయన ఆనప పందిళ్లకు తీసుకుపోయాడని తండ్రి చెప్పాడు.

అప్పట్నుంచి ఆమె కళ్లు మూసుకుంటే ఆ పందిళ్లు. సాయంత్రం తెల్లగా విచ్చుకునే ఆనప పూలు. దేనికీ పనికిరావన్న తన పైపుల మీద బరువుగా వేలాడే కాయలు. తను చేసిన తప్పు ఎక్కడో ఎవరికో నీడవుతోందనుకుంటే గుండె కుదుటపడేది.

డేవిడ్‌రాజు గుట్ట పక్కన గొంతుక్కూర్చుని ఇనుము ఏరుతున్నాడు. కూతురి చెప్పుల చప్పుడు విన్నాడు. తలెత్తలేదు.

“సంఘంలో నిలబడ్డ మాట ఇంట్లో నిలబడనేదు,” అన్నాడు, చేతిలో ఉన్న సైకిలు హ్యాండిలుతో.

“నాన్నా, నాతో మాట్లాడు.”

హ్యాండిలు పక్కన పడింది. ఇంకోటి తీశాడు.

“పుస్తకంలో ‘పాతపట్నం నుంచి పాత ఇనుము’ అని రాసేవు. ఫర్నేసు బాగైన మర్నాడు. ఆ వారం పాతపట్నం దారంతా నీళ్లలో ఉంది. లారీ ఎలా వచ్చింది? గేటు పుస్తకంలో లారీ లేదు, కాటా చీటీ లేదు.”

మంచులోంచి కాకి ఒకటి వచ్చి గుట్ట మీద వాలి, వీళ్లిద్దర్నీ చూసి నచ్చక ఎగిరిపోయింది.

“పైపులు కోయగా మిగిలిన ముక్కలనుకున్నాను. కానీ ముక్కలు అంత ఉండవు నాన్నా. నూటికి ముప్పై పాళ్లు! నువ్వు లెక్క తప్పినా మాట తప్పవు. ఏటి కరిగించేవు?”

“సెప్పాలా?”

“సెప్పు.”

డేవిడ్‌రాజు రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు. నిన్నటి నుంచి మొదటిసారి కూతురి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది చూసి షాలినికి భయం వేసింది.

“నీ పైపులమ్మా.”

“నా పైపులు పాతపట్నంలో కదా...”

“పందిళ్లు నేవు.”

షాలినికి మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాసేపు నమ్మలేదు. ఏడాది పాటు రోజూ నడిచి వెళ్లి నిలబడ్డ నీడ అది. దాని కింద నిలబెట్టి, ఇది లేదు అంటున్నాడు.

“నువ్వు మూడ్రోజులు కూడు ముట్టనేదు,” అన్నాడు డేవిడ్‌రాజు. “ఆ గుట్ట అలాగే ఉంటే ఒచ్చినప్పుడల్లా సూస్తావు. సూసి సూసి ఇంక మిషను కాడికి రావనిపించినాది. నువ్వు ఊర్నుంచి ఒచ్చేలోగా పొయ్యిలో ఏయించేసినాను. ఏటని రాయను? పాత ఇనుమని రాసినాను. ఆ రాత సూసుకుని సూసుకుని నాకే అది పాత ఇనుమైపోనాది. ఉత్తరం రాసిన్నాడు గాని, సాక్ష్యం సెప్పిన్నాడు గాని నాకు గుర్తే రానేదు. నువ్వు నిన్న అరవై అన్నాకే గుర్తొచ్చినాది.”

“మరి పూలు పూసేయన్నావు?”

“నువ్వు అడిగేవు. పూసేయన్నాను. కాయలు కాసేయా అన్నావు. కాసేయన్నాను.”

“కాయ కూడా తెచ్చి ఇచ్చేవు నాన్నా. అమ్మ కూర వండింది.”

“సంతలో కొన్నాను,” అన్నాడు డేవిడ్‌రాజు.

షాలినికి ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు నిండిపోయాయి. ఇంత పెద్ద మనిషి, సంఘపెద్ద, సంత మధ్యలో నిలబడి అబద్ధానికి తగిన ఆనపకాయ కోసం గోరుతో గిల్లి గిల్లి చూసుకుని ఉంటాడు. ఆయన మీద కోపం వచ్చింది. ఆయనంటే ప్రాణం లేచివచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చాయి, దేన్ని ముందు చూపించాలో తెలియలేదు.

“నిన్నట్నుంచి నా మీద కోపమనుకున్నాను.”

“కోపమేటమ్మా? భయం. ఆవిడకి ఉత్తరం తప్పని సెప్తే ఆ ముప్పై పాళ్లూ ఏటని అడుగుతాది. పైపులని సెప్పాల. ఎందుకు పాడైనాయంటాది. మిషను మీద ఎవులంటాది. ఆస్పత్రి పైపులన్నిటికీ పరీక్ష సంతకం నీదే కదా. ఆ పిల్ల సంతకాన్ని ఎలా నమ్మీది అంటే నానేటి సెప్పను? మళ్లీ ఎవులైనా నిన్ను పైపు ముట్టనిస్తారా?”

షాలిని ఆ వైపు ఆలోచించనే లేదు. తొంభై, అరవై అని అంకెల్లోనే ఉండిపోయింది. ఆ అంకెల వెనక తన పేరు ఉందని ఇప్పుడే తెలిసింది.

“ఆ ఉత్తరం అలాగే ఇచ్చేస్తే?” అని అడిగాడు తండ్రి. ఆ అడగడంలోనే ఊఁ అనొద్దన్న బతిమాలుకోలు కూడా ఉంది. “నువ్వే సెప్పు. నువ్వు ఊఁ అంటే ఇచ్చేస్తాను. ఆదివారం తలొంచుకుని కూకుంటాను.”

ఆమె నోరు తెరిచేలోగా గేటు దగ్గర కారు హారను మోగింది. ఇంకా పదిన్నరే. అనూరాధ అరగంట ముందే వచ్చేసింది.

ఆఫీసు గదిలో నాలుగు కుర్చీలు. ప్రకాష్ అప్పటికే టీ చెప్పి, వాతావరణం గురించి చెప్పి, విజయనగరం రోడ్డు గుంతల గురించి కూడా చెప్పేశాడు. చెల్లెల్ని చూడగానే అతని ముఖం మాడిపోయింది.

అనూరాధ సన్నగా, కళ్లజోడుతో, తొందర లేని మనిషి. కిటికీలోంచి గుట్టల వైపు చూస్తోంది.

“ఎంత బాగుందండీ ఇక్కడ,” అంది. “మంచులో ఈ ఇనుమంతా నిద్రపోతున్నట్టుంది.”

ఈవిడ అలా అనకుండా ఉండాల్సింది అనుకుంది షాలిని. తనకు నచ్చే మనిషిగా ఉండకుండా ఉంటే ఇంకా బాగుండేది.

“ఉత్తరం ఇదిగోండి,” ప్రకాష్ ఫైలు తీశాడు.

డేవిడ్‌రాజు చెయ్యి చాచి ఆ ఫైలు తన వైపు లాక్కున్నాడు. ఉత్తరం బయటికి తీసి, మడత విప్పి, మళ్లీ మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఇది తప్పండి,” అన్నాడు.

“నాన్నా!” ప్రకాష్ సగం లేచాడు.

“కూకోరా. తొంభై కాదండి. అరవై. మాలో మేవు పాడుసేసుకున్న కొత్త ఇనుమే మళ్లీ కరిగించి, పాతదని రాసినాను. సంఘంలో కూడా అలాగే సెప్పినాను. ఆదివారం లేచి తప్పని సెప్పుకుంటాను. మీకు ఈ రోజే సెప్తన్నాను.”

టీ గ్లాసుల మీద ఆవిరి తన పని తాను చేసుకుపోతోంది. షాలిని తండ్రి వైపే చూస్తోంది. ఆయన భుజాలు నిన్నటి కంటే తేలిగ్గా ఉన్నాయి. సంఘంలో లేచి ఈ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో ఆమెకు తెలుసు. దాన్ని ఇంత మామూలుగా అనేశాడు.

అనూరాధ పెన్ను మూత తీసింది.

“నేను కోప్పడతాననుకుంటున్నారేమో. పడను. అరవై అంటే అరవై రాస్తాను. గుర్తింపులో ఆస్పత్రికి ఒక మెట్టు తగ్గుతుందేమో, అది వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. నాకు ఇంకొకటి కావాలి.”

“సెప్పండి.”

“ముప్పై పాళ్లంటే ఒక లోడు మొత్తం పాడైనట్టే. ఎలా పాడైంది?”

“అతుకు ఇచ్చుకుపోనాదండి.”

“మిషను సరిగ్గా బిగించకపోతే అలా అవుతుంది కదూ.” ఆమె గొంతు మెత్తగానే ఉంది. “చూడండి, పైపు అతుకు విచ్చుకుంటే లోపల తీగ ఒరుసుకుంటుంది. అది పిల్లల ఆస్పత్రి. ఆ లోడు పాడుచేసిన చేతే స్లాబులోకి వెళ్లిన పైపుల్ని పరీక్ష చేసి ఉంటే, ఆ స్లాబులు తెరిపించాలా వద్దా అని నేను అడగాల్సి వస్తుంది. అది కాకపోతే ఇక్కడితో అయిపోయింది. కాబట్టి పేరు రాసుకోవాలి. ఆ రోజు మిషను మీద ఎవరున్నారు?”

డేవిడ్‌రాజు జీవితంలో ఏ పైపునూ పరీక్ష చేయలేదు. ఆయన పేరు రాస్తే ఏ స్లాబుకూ ఏమీ కాదు. ఈ సంగతి ఆ గదిలో ముగ్గురికి తెలుసు. ఆదివారం సంఘం ముందు కడుక్కోవాల్సిన అబద్ధం ఒకటి జేబులో ఉండగానే ఆయన ఇంకొకదానికి సిద్ధపడ్డాడని షాలినికి ఆయన గొంతు సవరించుకోవడంలోనే తెలిసిపోయింది.

ప్రకాష్ చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని లేచింది.

“నానేనండి,” అన్నాడు డేవిడ్‌రాజు.

“నేనండి,” అంది షాలిని.

రెండు మాటలూ ఒక్కసారే బల్ల మీద పడ్డాయి.

అనూరాధ కళ్లజోడు తీసి తండ్రిని చూసింది, కూతుర్ని చూసింది. పెన్ను కాగితానికి తగలకుండా పైనే ఆగింది.

“ఇక్కడ ఒక్క పేరుకే చోటుంది,” అంది. “ఎవరిది రాయమంటారు?”